కెరటానికీ కెరటానికీ మధ్య

డానా పాయింట్‌లో హార్బర్ కట్టకముందు ఒక కెరటం ఉండేది. కొండకొమ్ము దగ్గర లేచి కుడివైపుకి చాలా దూరం విరిగిపడుతూ పోయే ఆ కెరటానికి ‘కిల్లర్ డానా’ అని పేరు. 1966లో సముద్రంలోకి రాళ్ళగోడ కట్టడం మొదలుపెట్టారు. దాంతో కెరటం పోయింది. ఇప్పుడు గోడ లోపల రెండు వేలకు పైగా పడవలు వరసగా కట్టేసి ఉంటాయి. వాటి మధ్య నీళ్ళు చెరువులా కదలకుండా ఉంటాయి. దక్షిణ కాలిఫోర్నియాలో వయసు మళ్ళిన సర్ఫర్ ఎవరిని కదిపినా ఆ కెరటం గురించి, చిన్నప్పుడు పోయిన మేనమామ గురించి చెప్పినట్టు చెబుతారు.

ఊరికి ఆ పేరు రిచర్డ్ హెన్రీ డానా వల్ల వచ్చింది. హార్వర్డ్ చదువు మధ్యలో ఆపి ‘పిల్‌గ్రిమ్’ అనే ఓడలో మామూలు నావికుడిగా చేరి, 1835లో ఈ తీరానికి వచ్చాడు. ఆవుతోళ్ళని కొండ మీద నుంచి కిందికి విసిరితే ఇసుకలో ఏరుకుని ఓడకి చేర్చడం ఆ నావికుల పని. ఆ అనుభవాలతో రాసిన పుస్తకం 1840లో అచ్చయింది. ఆ ఓడని పోలిన ఇంకో ఓడని ఇదే హార్బర్‌లో చాలా ఏళ్ళు ప్రదర్శనకి ఉంచారు. 2020 మార్చిలో అది కట్టిన చోటే మునిగిపోయింది.

కెరటం పోయినా బోర్డుల వ్యాపారం మాత్రం ఊరు విడిచి పోలేదు. హోబీ ఆల్టర్ 1954లో ఇక్కడే సర్ఫ్ దుకాణం తెరిచాడు. కొద్దికాలానికి గోర్డన్ క్లార్క్‌తో కలిసి, బాల్సా కర్ర బదులు ఫోమ్‌తో బోర్డులు చెయ్యడం మొదలుపెట్టాడు. అందుకే మా తమ్ముడు, అంటే పిన్ని కొడుకు, కొత్త బోర్డు కొనాలనుకున్నప్పుడు డానా పాయింట్ వెళ్దామన్నాడు. వాడుండేది ఇర్వైన్‌లో, కారులో ముప్పావు గంట కూడా పట్టదు. వాడు కొనాలనుకున్నది పడుకుని చేతులతో ఈదుతూ పోయే మామూలు సర్ఫ్‌బోర్డు కాదు. నిలబడి తెడ్డు వేస్తూ కెరటం ఎక్కే రకం, స్టాండప్ పాడిల్ బోర్డు. అందరూ ఎస్‌యూపీ అంటారు. వాడి పాతది పదడుగుల పొడవు. ఇక పొట్టిది కావాలట.

తెడ్డు పట్టుకుని నీళ్ళ మీద నిలబడటం నాకు వింతేమీ కాదు. విశాఖలో పెదజాలరిపేట ఒడ్డున తెప్పలు చూస్తూ పెరిగినదాన్ని. దుంగల్ని తాళ్ళతో కట్టి, ఒడ్డు దగ్గర కెరటాల విరుగుడు దాటేదాకా మోకాళ్ళ మీద కూర్చుని తెడ్డు వేసి, దాటాక లేచి నిలబడేవాళ్ళు. వేట అయ్యాక కట్లు విప్పి దుంగల్ని ఇసుకలో ఆరబెట్టేవాళ్ళు. ఇప్పుడు అవి తగ్గిపోయి మోటారు ఫైబరు పడవలొచ్చాయి. నేనేమో రుషికొండలో ప్లాస్టిక్ తెడ్డుతో అదే పనిని సరదా కోసం నేర్చుకున్నాను.

ఈ ఆట ఇప్పటి రూపం హవాయిది. వైకీకీలో పర్యాటకులకి సర్ఫింగ్ నేర్పే బీచ్‌బాయ్‌లు కొందరు, శిష్యుల మీద కన్నేసి ఉంచడానికీ ఫొటోలు తియ్యడానికీ పెద్ద బోర్డు మీద తెడ్డుతో నిలబడేవారు. తర్వాత లెయిర్డ్ హామిల్టన్, డేవ్ కలామా అనే సర్ఫర్లు మావీ ద్వీపంలో దాన్ని మళ్ళీ చేతిలోకి తీసుకున్నారు. 2003లో మకాహా పెద్దబోర్డుల పోటీలో దానికంటూ ఒక విభాగం పెట్టారు. అక్కణ్ణుంచి కాలిఫోర్నియాకి వచ్చింది. 2008లో డానా పాయింట్ పక్కనే ఉన్న డోహెనీ బీచ్‌లో పెద్ద ఎత్తున తెడ్డు పందేలు మొదలయ్యాయి.

దుకాణంలో బోర్డులు గోడకి నిలబెట్టి ఉన్నాయి. తమ్ముడు డేటా ఉద్యోగి కాబట్టి నెలల తరబడి ఎక్సెల్ పట్టీలో పొడవులూ వెడల్పులూ లీటర్లూ నింపుకుని వచ్చాడు. చివరికి రెండు మిగిలాయి. ఒకటి 8 అడుగుల 4 అంగుళాల పొడవు, 29 అంగుళాల వెడల్పు, 105 లీటర్లు. నల్లటి కార్బన్ తొడుగుతో 7 కిలోలే ఉంది. రెండోది 8 అడుగుల 10 అంగుళాలు, వెడల్పు 31, లీటర్లు 124, బరువు ఎనిమిదిన్నర కిలోలు. పసుపూ నారింజా కలిసిన రంగు, పెళ్ళి షామియానాకి పనికొచ్చేలా ఉంది. వాడి చూపంతా నల్లదాని మీదే.

లీటర్లంటే బోర్డు పరిమాణం. ఈ బేరంలో పైకి చెప్పుకునే అంకెలన్నిటిలో అదొక్కటే నిజంగా పనికొస్తుందని నా అభిప్రాయం. నీళ్ళలో పూర్తిగా మునిగితే బోర్డు అన్ని లీటర్ల నీటిని పక్కకి తోస్తుంది. అంటే సుమారు అన్ని కిలోల్ని మొయ్యగలదు, ఉప్పునీళ్ళలో ఇంకొంచెం ఎక్కువ. తమ్ముడు 82 కిలోలు. తడిసిన వెట్‌సూటూ తెడ్డూ కలిపి ఇంకో మూడు వేసుకోండి. నల్లబోర్డు సొంత బరువుతో కలిపితే మొత్తం 92. వాడి కింద మిగిలేది పదమూడు, పధ్నాలుగు లీటర్ల తేలుడు. పసుపుదాని మీద ముప్ఫై పైన మిగులుతుంది. నేను అరవై కిలోలు. కాబట్టి నల్లబోర్డు మీద నాకు మిగిలేది, పసుపుదాని మీద వాడికి మిగిలేదానికి దాదాపు సమానం. అంటే వాడి నల్లబోర్డూ నా నల్లబోర్డూ ఒక్కటి కాదు. ఈ ముక్క దుకాణంలోనే చెప్పాను. ‘అక్కా, లెక్కలన్నీ నా పట్టీలో ఉన్నాయి’ అన్నాడు.

లోపల ఉండేది చిన్న చిన్న పూసల్ని అచ్చులో పోసి ఉబ్బించిన తెల్లటి నురగ. మన థర్మాకోలే. పాత సర్ఫ్‌బోర్డుల్లో వాడింది దీనికన్నా బరువైన పాలియురెథేన్ ఫోమ్. దాన్ని అమెరికా అంతటికీ ఎక్కువగా అందించిన క్లార్క్ కంపెనీ, ఇక్కడికి దగ్గర్లోనే లగూనా నిగెల్‌లో, 2005 డిసెంబరు 5న ఉన్నపళంగా మూతబడింది. బోర్డులు చేసేవాళ్ళు లబోదిబోమన్నారు. ఆ కరువులో థర్మాకోల్, ఎపాక్సీ జిగురు జంటకి ఆదరణ పెరిగింది. ఎస్‌యూపీలు కూడా ఆ రోజుల్లోనే పుంజుకున్నాయి. రెండింటికీ సంబంధం లేదని నేననుకోను. పదడుగుల పొడవు, అరచెయ్యంత మందం ఉన్న బోర్డుని పాత ఫోమ్‌తో చేస్తే కారు మీదికి ఎక్కించడానికి ఇద్దరు కావాలి.

కొనేముందు అద్దెకి తీసుకెళ్ళి చూడొచ్చు. కొంటే ఆ అద్దె ధరలో తగ్గిస్తారు. రెండూ తీసుకుని హార్బర్ లోపలి బేబీ బీచ్‌కి వెళ్ళాం. పేరుకి తగ్గట్టు పసిపిల్లలు ఆడుకునే నీళ్ళు. అక్కడ లైఫ్‌జాకెట్టూ ఈలా దగ్గర ఉండాలి. అమెరికా కోస్ట్‌గార్డ్ 2008లో ఎస్‌యూపీని పడవ కిందే లెక్క కట్టింది, కెరటాలు విరిగే చోట తప్ప. పసిపిల్లల నీళ్ళలో లైఫ్‌జాకెట్టు ఉండి తీరాలట, తలకిందులయ్యే చోట అక్కర్లేదట. విరుగుడులో ఉబ్బెత్తు జాకెట్టు వేసుకుంటే కెరటం కిందికి మునిగి తప్పించుకోలేం కాబట్టి అందులోనూ అర్థముంది.

బేబీ బీచ్‌లో రెండు బోర్డులూ బాగానే ఉన్నాయి. నల్లదాని మీద తమ్ముడు మొదట వణికినా తెడ్డు నాలుగుసార్లు వేసేసరికి కుదురుకున్నాడు. ముందుకి సాగుతున్నంత సేపూ ఏ బోర్డైనా నిలుస్తుంది. వేగమే దాన్ని సగం నిలబెడుతుంది. అటూ ఇటూ రెండు చుట్లు కొట్టి, ‘చూశావా’ అన్నట్టు నావైపు చూశాడు. నాకు మాత్రం ఆ చుట్లలో ఏమీ తేలలేదు. నిలకడ నీళ్ళలో చూసిన బోర్డు గురించి తెలిసేది దాని రంగు ఎండలో ఎలా ఉంటుందో, మోస్తే చంక ఎంత నొప్పెడుతుందో, అంతే.

మర్నాడు పొద్దున్నే సాన్ ఒనోఫ్రే వెళ్ళాం. డానా పాయింట్‌కి దక్షిణంగా, క్యాంప్ పెండిల్‌టన్ అనే మెరీన్ సైనిక స్థావరం అంచున ఉంటుంది. ఆ నేల సైన్యానిదే. 1971 నుంచి కౌలు మీద రాష్ట్రం పార్కుగా నడుపుతోంది. అందువల్లే కాబోలు, కాలిఫోర్నియా తీరంలో మేడలూ హోటళ్ళూ లేని మట్టిదారి ఇంకా మిగిలుంది. గేటు దగ్గర కార్లు తెల్లారకముందే బారులు తీరతాయి. లోపల నిండితే ఒకటి బయటికొస్తేనే ఒకటి లోపలికి. వరసలో ముందున్న వ్యానులో ముసలి దంపతులు స్టవ్ వెలిగించి కాఫీ కాచుకుంటున్నారు. ఇక్కడ సర్ఫింగ్ 1930ల నుంచీ ఉంది. ఒడ్డున కొబ్బరాకులాంటి ఆకులు కప్పిన పాక, ఇసుకలో వాలీబాల్ వల, తాతల నుంచి మనవల దాకా మూడు తరాలు. అంతకు చాలా ముందు, వాగు పక్కన అహాచెమెన్ జాతివారి పాన్హే అనే ఊరుండేది. ఉత్తరాన నడిచి వెళ్ళేంత దూరంలో ట్రెసిల్స్. 2028 ఒలింపిక్స్ సర్ఫింగ్ అక్కడే జరగాలి. దక్షిణాన అణువిద్యుత్ కేంద్రం గుమ్మటాలు రెండు. 2012లో ఆవిరి పుట్టించే యంత్రంలో గొట్టం కారడంతో ఆపేశారు, 2013లో ఇక తెరవబోమన్నారు. వాడేసిన ఇంధనం మాత్రం ఇంకా ఒడ్డు పక్కనే ఉంది. సర్ఫర్లు ఆ గుమ్మటాల్ని ఆనవాలుగా పెట్టుకుని నీళ్ళలో తమ చోటు చూసుకుంటారు.

ఇక్కడి కెరటం మెత్తనిది. గులకరాళ్ళ మీద నిదానంగా లేచి, నిదానంగా విరిగి, చాలా దూరం వస్తుంది. వేసవీ శరత్తుల్లో వచ్చే పెద్ద కెరటాలు న్యూజిలాండ్ వైపు తుఫానుల్లో పుడతాయి. పదహారు సెకన్ల ఎడంతో వచ్చే ఆ పొంగు గంటకి దాదాపు 45 కిలోమీటర్ల చొప్పున ప్రయాణం చేసి, వారం పైన పట్టి ఇక్కడికి చేరుతుంది. దారిలో గుంపులు కట్టుకుంటుంది. అందుకే కెరటాలు ఒకదాని వెంట ఒకటి ఆగకుండా రావు. నాలుగైదు వచ్చి ఆగిపోతాయి. పది నిమిషాలో పావుగంటో చూడాలి. మళ్ళీ నాలుగైదు.

ఆ పావుగంటే నేను చెప్పదల్చుకున్నది.

తెడ్డువాళ్ళు ఎక్కువగా చేరేది దక్షిణపు కొసన, డాగ్‌ప్యాచ్ అనే చోట. మిగతా సర్ఫర్లకీ వీళ్ళకీ అంతగా పొసగదు. నిలబడి ఉన్నవాడికి వచ్చే కెరటం ముందే కనిపిస్తుంది. చేతిలో తెడ్డుంది కాబట్టి ఇంకా లేవకముందే అందుకోగలడు. పడుకున్నవాళ్ళకి మిగిలేది తక్కువ. అందుకే వీళ్ళని ‘ఊడ్చేవాళ్ళు’ అని వెక్కిరిస్తారు. వెక్కిరింపులో న్యాయముంది. అన్నీ మనకే దొరుకుతున్నాయంటే కొన్ని వదలాలి. ఇసుక మీద పాదం ఎత్తకుండా ఈడ్చుకుంటూ నీళ్ళలోకి దిగాం. తోకలో ముల్లున్న స్టింగ్‌రే చేపలు అక్కడ ఇసుకలో కప్పుకుని పడుకుంటాయి. ఈడిస్తే అదిరి తప్పుకుంటాయి, తొక్కితే పొడుస్తాయి.

బయటికి వెళ్ళడంలో పొట్టి బోర్డులదే పైచెయ్యి. తమ్ముడి పాత పదడుగులది నురుగుకి అడ్డం తిరిగితే తలుపులా వెనక్కి కొట్టుకొస్తుంది. పొట్టిదాని ముక్కు ఎత్తి పట్టి, ఒక కాలు వెనక్కి వేసి, నురుగు మీద నుంచి దూకించొచ్చు. ఆ మాటకొస్తే కెరటం మీద కూడా నల్లదే బాగుంది. నేను పట్టిన మంచి కెరటం దాని మీదే. కాస్త నిటారుగా లేచేదాకా ఆగి, తెడ్డు గట్టిగా నాలుగుసార్లు వేసి, వెనక కాలు తోక మీది గట్టుకి ఆనించి, తెడ్డు రేకు నీళ్ళకి ఆనించి దాని చుట్టూ తిరిగాను. బోర్డు అడిగిన వెంటనే తిరిగింది. పదడుగులదాని మీద అలా తిరగాలంటే ముందు వెనక్కి నాలుగడుగులు నడవాలి.

కానీ కెరటం మీద గడిపేది క్షణాలే. గంటసేపు నీళ్ళలో ఉంటే అందులో బోర్డు కెరటం మీద పరిగెత్తిన సమయమంతా కూడబెట్టినా కొద్ది నిమిషాలే. మిగతాదంతా నిలబడటం. పడుకునే బోర్డువాళ్ళు హాయిగా దాని మీద కూర్చుని కబుర్లు చెప్పుకుంటారు. తెడ్డువాడు నిలబడాలి. కూర్చోవచ్చు కదా అంటే, కూర్చోవచ్చు. కెరటాల వరస దూరంగా కనిపించాక లేచి, కుదురుకుని, బోర్డు తిప్పేలోగా మొదటి రెండూ దాటిపోతాయి.

వరసకీ వరసకీ మధ్య సముద్రం ఊరికే ఉండదు. అటు పక్క నుంచి గాలి రేపిన చిన్న అలలు, ఒడ్డుకి తగిలి వెనక్కి వచ్చేవి, పక్కవాడి బోర్డు రేపినవి. వేగం లేదు కాబట్టి బోర్డు తనంతట తాను నిలవదు. మోకాళ్ళు వంచి, చూపు దూరంగా పెట్టి, తెడ్డుతో నీళ్ళని కొద్దికొద్దిగా నొక్కుతూ ఉండాలి. తెడ్డు అప్పుడు మూడో కాలు. పసుపుబోర్డు మీద తమ్ముడు ఆ సేపంతా నాతో మాట్లాడాడు. పిన్ని మోకాళ్ళ నొప్పుల గురించి, పిల్లాడికి తెలుగు నేర్పే ఆదివారం బడి గురించి. నల్లబోర్డుకి మారాక మాట ఆగిపోయింది. తల ఒక్కటే నీళ్ళకి పైన స్థిరంగా ఉంది, మిగతా ఒళ్ళంతా సర్దుకుంటూనే ఉంది. బోర్డు పైభాగం నీటిమట్టానికి వచ్చేసింది, పాదాల మీదుగా నీళ్ళు పారుతున్నాయి. చిన్న అల ఒకటి అడ్డంగా వచ్చింది, పడ్డాడు. ఎక్కాడు. మళ్ళీ పడ్డాడు. చివరికి వరస వచ్చేసరికి వాడి తొడలు వణుకుతున్నాయి. మంచి కెరటం, వాడి ముందే లేచింది. తెడ్డు రెండుసార్లు వేసి ఆగిపోయాడు. ఓపిక లేదు.

‘నువ్వు నిలబడ్డావుగా!’ అన్నాడు ఒడ్డుకొచ్చాక, నేనేదో మోసం చేసినట్టు.

‘ఒరేయ్, ఇరవై రెండు కిలోల తేడా ఉంది నీకూ నాకూ. నేనెక్కిన బోర్డు నువ్వెక్కిందే కాదు.’

వాడు ఇసుక మీద కూర్చుని అరటిపండు తింటూ ఆలోచించాడు. ఇంకో ఆరు నెలలు సాధన చేస్తే నల్లది అలవాటవుతుందని వాదించాడు. అది అబద్ధం కాదు. ఈ ఆటలో ఆరితేరినవాళ్ళు తమ బరువుకి సరిపడా లీటర్లు కూడా లేని బోర్డుల మీద, మోకాలి దాకా మునిగి నిలబడతారు. 2012లో పెరూలో జరిగిన మొదటి ప్రపంచ పోటీల నుంచీ పోటీదారుల బోర్డులు చిక్కుతూనే ఉన్నాయి. కానీ వాళ్ళు రోజూ నీళ్ళలో ఉండేవాళ్ళు. మావాడికి దొరికేది శనివారం పొద్దున, అదీ పిల్లాడి సాకర్ ఆట లేకపోతే. ఆ కాస్త సేపూ పడుతూ లేస్తూ గడిపి, కెరటం వచ్చేసరికి కాళ్ళు ఖాళీ అయితే, ఆ బోర్డు ఎంత బాగా తిరిగితే మాత్రం ఏమిటి? తిరగాలంటే ముందు కెరటం మీద ఉండాలి కదా.

మధ్యాహ్నం గాలి లేచేలోగా ఇంకోసారి దిగాం, ఈసారి పసుపుదాన్ని వాడికే వదిలేశాను. దాని అడుగున ఫిన్లు, అంటే చిన్న రెక్కలు, బిగించే గాళ్ళు ఐదున్నాయి. మూడు బిగిస్తే ఒకలా, నాలుగు బిగిస్తే ఒకలా ఉంటుంది. మూడుతో మడమ మీద గిరుక్కున తిరుగుతుంది. నాలుగుతో అంత తిరగదు, కానీ కెరటం బలహీనపడ్డ చోట కూడా జారుకుంటూ పోతుంది. సాన్ ఒనోఫ్రే లాంటి మెత్తటి కెరటానికి నాలుగే నయమని ఇద్దరం ఒప్పుకున్నాం. ఆ రోజంతటిలో మేము ఒప్పుకున్న మొదటి సంగతి అది. నాలుగు ఫిన్లతో వాడు ఒక కెరటాన్ని పాక దగ్గర ఒడ్డు దాకా తెచ్చాడు. దారిలో మూడు మలుపులు. మూడోది అందంగా లేదు గానీ పడలేదు.

నా అరవై కిలోలకి నేనైతే నల్లదే కొనేదాన్ని. విశాఖకి తీసుకెళ్ళే విమానం ఖర్చు బోర్డు ధరకి పోటీ వస్తుంది కాబట్టి ఆ ఆలోచన అక్కడే ఆగింది.

దుకాణంలో పసుపుదానికి డబ్బు కట్టాక కొత్త తెడ్డు కొయ్యడం దగ్గర ఇంకో తగవు. తెడ్డు కర్ర పొడుగ్గా వస్తుంది, మనిషి ఎత్తుకి తగ్గట్టు కోసి పిడి అంటిస్తారు. నిలకడ నీళ్ళకి తల మీద జానెడు ఉండాలి. కెరటాలకి పొట్టిగా ఉంటే మేలు, కాళ్ళు వంచి కిందికి దిగినప్పుడు అడ్డు రాదు. మావాడు తన ఎత్తు మీద నాలుగంగుళాలు చాలన్నాడు. ఆరు ఉంచమన్నాను. తర్వాత కావాలంటే ఇంకో రెండంగుళాలు కోయించుకోవచ్చు, పిడి వేడిజిగురుతో అంటిస్తారు కాబట్టి వేడి చేస్తే ఊడొస్తుంది. కోసేసిన ముక్కని అతికించలేం. దుకాణం కుర్రాడు రంపం చేత్తో పట్టుకుని మా తెలుగు తగవు అయ్యేదాకా ఓపిగ్గా నిలబడ్డాడు. ఐదు దగ్గర రాజీపడ్డాం.

ఈలోగా మరదలు ఫోను. కొత్తది ఎంత పొడవుందని అడిగింది. గరాజ్ కొలత టేపు చేతిలో ఉన్నట్టుంది.

‘పాతది అమ్మేస్తారుగా?’ అంది.

తమ్ముడు నావైపు చూశాడు. మోకాలెత్తు కెరటాలున్న రోజు పాత పదడుగులదే బోర్డు, మిగతా రెండూ కర్రముక్కలు. అమ్మొద్దని నేనే ఫోను తీసుకుని చెప్పాను. వచ్చే ఏడు వస్తే నాకు కావాలన్నాను. మరదలు కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, అయితే బట్టలారేసే తీగ ఇంకో చోటికి మార్చమని వాడికి చెప్పండి వదినా, అంది.